చేటెడు తవుడు

"పెంటయ్యగారి అమ్మగారు ఎవరండీ?"

ఆ అమ్మాయి మామిడికాయల షెడ్డు గుమ్మంలో నిలబడి అలా అడగ్గానే, లోపల గడ్డి పరుస్తున్నవాళ్ళూ, కాయలు ఏరుతున్నవాళ్ళూ, గంపలకి తాళ్ళు బిగిస్తున్నవాళ్ళూ అందరూ ఒక్కసారే దుర్గ వైపు చెయ్యి చూపించారు. తప్పు చెబుతున్నామన్న అనుమానం వాళ్ళలో ఒక్కరికీ రాలేదు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆ షెడ్డులో ఆ ప్రశ్నకి అదే జవాబు.

పెంటయ్యని తొమ్మిది నెలలు మోసి కన్న సుభద్రమ్మ కూడా అక్కడే ఉంది. కాటా పక్కన ముక్కాలిపీట వేసుకుని, చిన్నరసాలని ఒక్కొక్కటే ముక్కు దగ్గరికి తీసుకుని, ఇవాళ్టికి మాగినవి ఒక పక్కకీ రేపటికి మాగేవి ఒక పక్కకీ వేస్తోంది. ఆవిడ చెయ్యి కాయ మీద ఆగిపోయింది. నోరు మాత్రం తెరవలేదు. తెరవకూడదు మరి.

అది ఎనభైతొమ్మిదో సంవత్సరం, ఏప్రిల్ నెల. వచ్చిన అమ్మాయి పేరు లేయా. సొంత ఊరు గుడివాడ దగ్గరే అయినా హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. పెంటయ్య భార్య కృష్ణవేణికి మూడుసార్లు కడుపొచ్చి మూడుసార్లూ నిలవలేదు. బెజవాడ డాక్టరు మొగుడూ పెళ్ళాం ఇద్దరి రక్తమూ తీయించి హైదరాబాదు పంపిస్తే, అక్కడివాళ్ళు కృష్ణవేణిలో ఏ లోపమూ లేదన్నారు. పెంటయ్య రక్తంలోనే ఏదో తేడా ఉందనీ, అది ఎక్కణ్ణించి వచ్చిందో తెలియాలంటే కన్నవాళ్ళ రక్తం కావాలనీ ఉత్తరం రాశారు. సీజను రోజుల్లో కొట్టు వదిలి ఎవరూ కదల్లేరని తెలిసి, లేయా సెలవుకి ఇంటికొస్తూ తనే ఐసుపెట్టె పట్టుకుని నూజివీడులో దిగింది.

పెంటయ్య ఆ పొద్దున్నే లారీతో బెజవాడ వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "పిన్నీ, రక్తం తీసుకోడానికి ఎవరో వస్తారంట. భయపడకు, చీమ కుట్టినట్టుంటుంది అంతే" అని సుభద్రమ్మకి చెప్పే వెళ్ళాడు. కృష్ణవేణి విస్సన్నపేటలో పుట్టింట్లో ఉంది. సుభద్రమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చెయ్యి చాపడానికి సిద్ధంగానే కూర్చుంది. 'సుభద్రమ్మగారు ఎవరు' అని అడుగుతారనుకుంది. 'అమ్మగారు ఎవరు' అని అడుగుతారని ఆవిడకి తోచలేదు.

కన్నతల్లిని కొడుకు పిన్నీ అని పిలవడమేమిటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

పెంటయ్యకి ముందు సుభద్రమ్మకి నలుగురు పోయారు. ఇద్దరు కడుపులోనే జారిపోయారు. ఒక ఆడపిల్ల పుట్టి పదకొండు రోజులుంది. ఒక మగపిల్లాడు పెదవి చీలి పుట్టి, పాలు పట్టలేక మూడోరోజున కన్నుమూశాడు. ఐదోసారి నొప్పులొచ్చినప్పుడు మంత్రసాని, "ఈ బిడ్డని నీ బిడ్డ అనుకోకు తల్లీ. నీదంటే నీకు దక్కదు" అంది. బొడ్డు కోసిన గంటకే పసివాణ్ణి ఎంగిలి విస్తట్లో పడుకోబెట్టి పశువుల కొట్టం వెనక పెంట మీద పెట్టారు. తోటలో పనిచేసే దుర్గకి అప్పుడు పద్దెనిమిదేళ్ళు, చంకలో తన చంటిపిల్లాడున్నాడు. మొగుడు బుచ్చయ్య చేటెడు తవుడు మోసుకురాగా, దుర్గ ఆ తవుడు సుభద్రమ్మ ఒళ్ళో పోసి పిల్లాణ్ణి కొనుక్కుంది. పెంట మీంచి తీసి మూడు గుక్కల పాలిచ్చింది. ముక్కు కుట్టించి రాగి పోగు పెట్టించింది. అప్పుడు, "అమ్మగోరూ, నా బిడ్డని కాస్త సాకి పెట్టండి" అని తిరిగి సుభద్రమ్మ చేతికిచ్చింది.

మంత్రసాని పెట్టిన షరతు ఒక్కటే. నా కొడుకు అన్న మాట సుభద్రమ్మ నోటి వెంట ఎన్నడూ రాకూడదు. వచ్చిన రోజున వాడు ఉండడు.

అలా వాడు పెంటయ్య అయ్యాడు. దుర్గని అమ్మా అనీ, సుభద్రమ్మని పిన్నీ అనీ పిలుస్తూ పెరిగాడు. ఆ తరవాత పుట్టిన కూతురు అన్నపూర్ణకి ఏ షరతూ లేదు, హాయిగా అమ్మా అనే పిలుస్తుంది. ఏటా వాడి పుట్టినరోజున దుర్గకి చీర వెళ్తుంది. తోటలో తొలికాపు దుర్గ ఇంటికే ముందు వెళ్తుంది. సుభద్రమ్మ మొగుడు పన్నెండేళ్ళ కిందట పోయినప్పుడు తలకొరివి పెట్టింది పెంటయ్యే అయినా, ఆవిడ ఆ ఏడుపులో కూడా నోరు జారలేదు.

సరే, షెడ్డులోకి వద్దాం. అందరూ చెయ్యి చూపించేసరికి దుర్గ చేతులకంటిన మామిడిసొన కొంగుకి తుడుచుకుంటూ లేచింది.

"నేనేనండీ. నా కొడుక్కోసం రత్తం ఎంత కావాలో అంతా తీసుకోండి."

"అంతా అక్కర్లేదమ్మా, ఈ చిన్న గొట్టాం చాలు" అని లేయా నవ్వింది. "మరి నాన్నగారు?"

ఈసారి చేతులన్నీ బుచ్చయ్య వైపు తిరిగాయి. తాడు పళ్ళతో తెంపుతున్న బుచ్చయ్య, "ఆ రోజు చేట మోసింది నేనేగా" అని నవ్వుతూ మోచెయ్యి చాపాడు. చేట సంగతి లేయాకి అర్థం కాలేదు. పల్లెటూరి మాట ఏదోలే అనుకుని సూది గుచ్చింది. వెళ్ళేముందు సుభద్రమ్మ దగ్గరికొచ్చి, మెల్లిగా, "పెంటయ్యగారిని మీరు పెంచుకున్నారా అమ్మా?" అని అడిగింది.

"ఆఁ, నేనే పెంచాను" అంది సుభద్రమ్మ. అబద్ధం ఒక్క ముక్కయినా లేదు అందులో.

లేయా వెళ్ళిపోయాక ఆవిడ మనసు మనసులో లేదు. తను చేసింది తప్పా, ఒప్పా? ఆ మూడు గుక్కల పాలూ వాడి ఒంట్లో రక్తమే అయి ఉంటాయి కదా. తవుడిచ్చి కొన్న తల్లి అసలు తల్లే అయినప్పుడు, రక్తానికి మాత్రం ఆ సంగతి తెలియదా? ముప్పయ్యేళ్ళు యముడే నమ్మాడు, హైదరాబాదు భూతద్దాలు నమ్మవా? సాయంత్రం పెంటయ్య వచ్చి, "రక్తం ఇచ్చావా పిన్నీ?" అంటే, "తీసుకెళ్ళారు నాయనా" అంది. వాడు అలిసిపోయి ఉన్నాడు, ఇంకేమీ అడగలేదు.

ఆ తరవాత రెండు నెలలు కాయల హడావుడిలో పడి ఆవిడ ఆ సంగతి మరిచిపోవాలని చూసింది. కానీ మే నెలలో ముసునూరు నుంచి అన్నపూర్ణ వచ్చి, "అమ్మా, నాకు మళ్ళీ నెల తప్పింది" అని చెవిలో చెప్పింది. మళ్ళీ అనడం ఎందుకంటే, కిందటేడు అన్నపూర్ణకి నాలుగో నెలలో కడుపు పోయింది. బావిదగ్గర జారిపడ్డానని చెప్పుకుంది గానీ, తను పడింది తరవాతనీ, నొప్పి మొదలైంది ముందనీ తల్లికి మాత్రం చెప్పింది.

జూన్ రెండో వారంలో లేయా మళ్ళీ వచ్చింది. రసాలు అయిపోయాయి, షెడ్డులో ఆఖరి కలెక్టరు కాయలు మాత్రం రాశి పోసి ఉన్నాయి. కూలీలు చాలామంది మానేశారు. బుచ్చయ్య లేడు. పెంటయ్య ఆఖరి లోడు రైలుకి ఎక్కించడానికి స్టేషనుకి వెళ్ళాడు. ఆ పొద్దున షెడ్డులో ఉన్నది సుభద్రమ్మా దుర్గా ఇద్దరే.

"పదకొండింటి బస్సుకి వెళ్ళిపోవాలమ్మా. చేతికే ఇద్దామని తెచ్చాను, పెంటయ్యగారికి మీరు చెప్పండి. శుభవార్తే" అంటూ లేయా గోనెపట్టా మీద కూర్చుని కవరులోంచి రంగు ఫొటోలు తీసింది.

ఇద్దరాడవాళ్ళూ వంగి చూశారు. నల్లటి చీకట్లో ఎర్రెర్రగా, పొట్టివీ పొడుగువీ, పుల్లల్లాంటివి చిందరవందరగా పడున్నాయి. వాటిలో రెండు మూడు చోట్ల పసుపూ ఆకుపచ్చా కలిసిన వెలుగు.

"మిణుగురులా?" అంది దుర్గ.

"ఒంట్లో ప్రతి కణంలోనూ ఇవి ఉంటాయి. క్రోమోజోములంటారు. మొత్తం నలభై ఆరు, ఇరవైమూడు జతలు. ప్రతి జతలోనూ ఒకటి అమ్మనించి వస్తుంది, ఒకటి నాన్ననించి వస్తుంది."

సుభద్రమ్మ షెడ్డు మూల పేర్చి ఉన్న ఖాళీ గంపల వైపు చూసింది. "అంటే ఇరవైమూడు గంపలు తల్లిచ్చి, ఇరవైమూడు గంపలు తండ్రిచ్చి పంపిస్తారన్నమాట."

"అంతేనమ్మా, సరిగ్గా అంతే."

"మరి ఈ వెలుగేంటి?"

"అది మేం పెట్టిందే. వీటిలో ఏ ముక్క ఎక్కడుందో మామూలుగా చూస్తే తెలీదు, అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకని మాకు కావలసిన గంపకి జోడీ అయ్యే ముక్కలు తయారుచేసి, వాటికి వెలుగు తగిలించి వదుల్తాం. అవి ఎన్ని లక్షల వాటి మధ్యనైనా వెతుక్కుని, వెతుక్కుని, తమ జోడీ దగ్గరికే వెళ్ళి అతుక్కుంటాయి. వేరేచోట అతుక్కోవు. ఆ పైన చీకటిగదిలో అద్దాల కింద పెట్టి చూస్తాం. ఎక్కడ వెలిగితే అక్కడుందని లెక్క."

సుభద్రమ్మకి దూడ గుర్తొచ్చింది. సాయంత్రం మంద తిరిగొచ్చినప్పుడు కట్టు విప్పితే, దూడ ఇరవై గేదెల కాళ్ళ మధ్యనించి దూరి తన తల్లి పొదుగు దగ్గరే ఆగుతుంది. దాన్ని తవుడు పెట్టి మాయ చెయ్యలేం.

"ఇది మామూలు మనిషిది" అని లేయా ఒక ఫొటో పక్కకి పెట్టింది. "రెండు వెలుగులు. ఒక జత కదా. ఇది పెంటయ్యగారిది. లెక్కపెట్టండి."

దుర్గ వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఒకటి... రెండు... ఇదిగో ఈ పుల్ల కొసన చిన్నది, మూడు."

"ఆ మూడోదే చిక్కు. ఒక గంపలోంచి కొన్ని కాయలు తీసి వేరే గంపలో పోశారనుకోండి, ఆ గంపలోవి దీంట్లో వేశారనుకోండి. మొత్తం కాయలు తగ్గలేదు కాబట్టి ఆయన శుభ్రంగా ఉన్నారు. కానీ పిల్లలకి ఇచ్చేటప్పుడు జతలో ఒక గంపే ఇవ్వాలి కదా. ఆ తారుమారైన రెండు గంపలూ కలిసి వెళ్తే పరవాలేదు. మంచివి రెండూ వెళ్తే అసలు గొడవే లేదు. ఒకటి మంచిదీ ఒకటి తారుమారుదీ వెళ్తే మాత్రం కొన్ని కాయలు ఎక్కువా కొన్ని తక్కువా అవుతాయి. అలాంటి కడుపు నిలవదు. నిలిచినా..."

"పెదవి చీలి పుడతారా?" అంది సుభద్రమ్మ.

లేయా తలెత్తి చూసింది. "పుట్టొచ్చు. మీకెలా తెలుసమ్మా?"

సుభద్రమ్మ వంగి పక్కనున్న గంపలోంచి నాలుగు కలెక్టరు కాయలు తీసి ఇంకో గంపలో పెట్టింది. మళ్ళీ తీసి ఇందులో పెట్టింది. లేయా అది చూసి, ముసలావిడ పాపం అర్థం చేసుకోవాలని చూస్తోంది అనుకుంది.

"శుభవార్త ఏంటంటే, ఇదిగో దుర్గగారిది. రెండే. ఇదిగో బుచ్చయ్యగారిది. రెండే. అంటే ఇది వంశంలో వస్తున్నది కాదు. పెంటయ్యగారిలోనే కొత్తగా మొదలైంది. దుర్గగారి మిగతా పిల్లలకి ఏ భయమూ లేదు. కృష్ణవేణిగారికి మళ్ళీ నెల తప్పగానే హైదరాబాదు తీసుకొస్తే ముందే చూసి చెప్తాం. రిపోర్టులో అదే రాశాను."

"నా తల్లే, చల్లగా ఉండు" అని దుర్గ దణ్ణం పెట్టింది. ఆమెకి ఇద్దరు కోడళ్ళున్నారు, పెద్దదానికి ఇప్పుడు ఐదో నెల.

సుభద్రమ్మ కాయలు వదిలి దగ్గరికి జరిగింది. "ఒకవేళ... ఆ మూడోది తల్లిలోనే ఉందనుకో. అప్పుడేం చేస్తారు?"

"అప్పుడు ఆవిడ పిల్లలందర్నీ చూడాలండీ. ఆడపిల్ల ఉండి, ఆమె కడుపుతో ఉంటే వెంటనే చూడాలి. అయినా ఇప్పుడా భయం లేదుగా" అని లేయా ఫొటోలు కవరులో పెట్టసాగింది.

సుభద్రమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ముసునూరులో పిల్ల మూడో నెలలో ఉంది. ఇక్కడ కాగితం మీద భయం లేదని రాసేశారు. ఆ రాతని కొట్టేయించాలంటే తను ఒక మాట చెప్పాలి. ఆ మాట చెప్తే కొడుకు ఉండడు. చెప్పకపోతే కూతురి కడుపు ఏమవుతుందో? ఇన్నాళ్ళూ దిష్టనీ, చెడుగాలనీ, అత్తగారి శాపమనీ ఒక్కోసారి ఒక్కోదాన్ని తిట్టుకుంది. కృష్ణవేణిని కూడా, "మీ వైపు ఎవరికైనా ఉందేమో కనుక్కోవే" అని ఒకసారి అననే అంది. ఆ పిల్ల గిన్నె కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు చూస్తే ఆ మూడో మిణుగురు తన ఒంట్లోనే కూర్చుని ఉందేమో! మరైతే పెంటయ్య బతికింది తవుడు వల్లా, గంపల వల్లా? గంపల వల్లే అయితే మాట చెప్పినా ఏమీ కాదు. తవుడు వల్ల అయితే? ఇది ఎవర్ని అడగాలి? మంత్రసాని పోయి ఇరవయ్యేళ్ళయింది.

"దుర్గా, ఒకసారి ఇటు రావే" అని లేచి కాయల రాశి వెనక్కి తీసుకెళ్ళింది.

"ఏంటమ్మగోరూ, ఒళ్ళంతా చెమట్లు పడుతున్నాయి?"

"నువ్వు ఆ అమ్మాయికి చెప్పు. వాణ్ణి కన్నది నువ్వు కాదని చెప్పు. నేను చెప్పకూడదు గదా. నువ్వు చెప్తే మాట తప్పినట్టు కాదు."

దుర్గ మొహం మాడిపోయింది. "నేను కాదని నా నోటితో చెప్పాలా?"

"అన్నపూర్ణకి మూడో నెలే. విన్నావుగా నువ్వు కూడా."

"వినబట్టే గదండీ గుండె దడదడలాడతంది. కానీ నా బిడ్డ కాదని నేనంటే, వాడికి తల్లి ఉండదు గదా! మీరనకూడదు, నేను కాదంటాను. మరి ఆ పొద్దు వాడెవరి బిడ్డ? ఎవరి బిడ్డా కాకపోతే పెంట మీద ఉన్నట్టే గదా. చూసేవాడు చూస్తూనే ఉంటాడు, ఎగరేసుకుపోతాడు."

ఆ మాట సుభద్రమ్మకి తోచనే లేదు. నిజమే.

అవతల్నించి లేయా, "అమ్మా, నేను బయల్దేరతానండీ. పావుతక్కువ పదకొండు" అంది.

"ఒక్క నిమిషం తల్లీ, కాయలు కడుతున్నాను" అని సుభద్రమ్మ కేకేసింది. కాయల మీద చెయ్యి కూడా వెయ్యలేదు. "ఏం చేద్దామే?"

"నన్నడుగుతారేంటి?" దుర్గకి కోపమో ఏడుపో తెలియనిది ఒకటి వచ్చింది. "ముప్పయ్యొక్క ఏళ్ళు నాకు కొడుకని చెప్పి, ఇయ్యాల కాదను అంటన్నారు. ఊరికే ఇచ్చారా నాకు? చేటెడు తవుడు పోసి కొనుక్కున్నా. కావాలంటే మీరూ తవుడు పోసి కొనుక్కోండి!"

ఉక్రోషానికి అన్న మాటే అది. అనేసి కొంగు నోట్లో కుక్కుకుంది. కానీ సుభద్రమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అప్పటికే పశువుల కొట్టం వైపు నడుస్తోంది.

కొట్టంలో గేదె కోసం తెచ్చిన తవుడు బస్తా ఉంది. చేట దులిపి, రెండు చేతులా తోడి పోసింది. ఇలా తిరిగి కొనుక్కోవచ్చో కూడదో ఆవిడకి తెలియదు. అలా చేసినవాళ్ళని ఆవిడ చూడలేదు, వినలేదు. అప్పుడు ఏ దిక్కుకి తిరిగి పోశారో కూడా సరిగ్గా గుర్తులేదు. తూర్పుకే అయి ఉంటుందిలే అనుకుంది. చేట నడుముకి ఆనించుకుని షెడ్డులోకి వచ్చేసరికి, లేయా సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది. బయట లారీ ఆగిన చప్పుడైంది. పెంటయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వస్తున్నాడు.

అసలు వాడి చెవిన పడకూడని మాట. సరిగ్గా ఇప్పుడే వచ్చాడు.

సుభద్రమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆగితే ఇంక జన్మలో చెయ్యలేనని తెలిసి, ఆగలేదు. "దుర్గా, తూర్పుకి తిరిగి కొంగు పట్టవే" అంది.

దుర్గ కళ్ళనించి నీళ్ళు కారిపోతున్నాయి. అయినా కొంగు చాపి పట్టింది. పట్టి, తవుడు చూసి, "ఇంతేనా? నేను గోపురంగా పోశాను ఆ పొద్దు" అంది.

"గోపురంగానే ఉందే, కళ్ళు కనపడవా?"

"అది పసిగుడ్డు. ఇప్పుడు మీసాలొచ్చిన మనిషి. ఇంకో దోసెడు పడాల."

"బేరం ఆడతావుటే నా దగ్గర!" అని ఏడుస్తూనే వెనక్కి వెళ్ళి ఇంకో దోసెడు తెచ్చి పోసింది. తవుడు దుమ్ము షెడ్డంతా లేచింది.

"ఏంటి పిన్నీ ఇది?" అన్నాడు పెంటయ్య. "ఏమైంది అమ్మా? ఎందుకేడుస్తన్నారు ఇద్దరూ?"

సుభద్రమ్మ వాడి వైపు తిరగలేదు. లేయా వైపే తిరిగి, గబగబా, ఎవరో తరుముతున్నట్టు చెప్పింది.

"అమ్మాయీ, నీ కాయితంలో రాసింది కొట్టెయ్యి. వీడు నా కొడుకు. నేనే కన్నాను. వీడి ముందు నలుగురు పోయారు నాకు. నీ గంపలు నా దగ్గరే తారుమారయ్యాయి, దుర్గ దగ్గర కాదు. నాకు కూతురుంది ముసునూరులో. అన్నపూర్ణ. దానికి మూడో నెల."

సుభద్రమ్మ అప్పుడు తిరిగి కొడుకు వైపు చూసింది. తలనించి పాదం దాకా చూసింది. కూలిపోతాడేమో, కళ్ళు తేలేస్తాడేమో, పట్టుకోవాలన్నట్టు రెండు చేతులూ ముందుకొచ్చి ఉన్నాయి. పెంటయ్య ముక్కుపుటాలు అదిరాయి. కళ్ళు మూతలు పడ్డాయి. ఒళ్ళంతా ఒక్కసారి వెనక్కి విరుచుకున్నాడు.

"అయ్యో నాయనా!" అని సుభద్రమ్మ కేక పెట్టింది.

పెంటయ్య షెడ్డు రేకులు మోగేలా తుమ్మాడు.

"చిరంజీవ!" అన్నారు ఇద్దరాడవాళ్ళూ ఒక్క గొంతుతో.

ఇంకోసారి తుమ్మాడు.

"శతాయుష్షు!"

"తవుడు పిన్నీ, ముక్కులోకి పోయింది" అని వాడు తువ్వాలుతో ముక్కు తుడుచుకుని, వాళ్ళ మొహాలు చూసి, నెమ్మదిగా చేట చూసి, దుర్గ కొంగు చూశాడు. వాడికి అర్థమైంది. లేయా ఏప్రిల్లో ఎవరి రక్తం తీసుకెళ్ళిందో కూడా అప్పుడే అర్థమైంది. నవ్వలేదు. గోడకి ఆనుకుని నిలబడి, "ఇంతదాకా తెచ్చావా పిన్నీ" అన్నాడంతే.

లేయా మాత్రం గోనెపట్టా మీద మళ్ళీ కూలబడింది. "ఒక్క నిమిషమండీ. దుర్గగారు తల్లి కాదు. మరి బుచ్చయ్యగారు?"

"చేట మోశాడమ్మా" అంది దుర్గ ముక్కు చీదుతూ. "అంతకుమించి ఆయన పాపం ఏమీ లేదు."

"ఏ చేట?"

"ఇదే. ఇదే కాదులే, ఇలాంటిదే."

లేయా నుదురు పట్టుకుంది. "రెండు నెలలు ఆ చీకటిగదిలో కూర్చున్నాను వాళ్ళిద్దరి కోసం! ఆవిడ అమ్మా? మీరు పిన్నా? ఇప్పుడు మీరు అమ్మా? మళ్ళీ ఆవిడ... నాకేమీ అర్థం కావట్లేదండీ."

"మాకూ కావట్లేదులే తల్లీ" అంది సుభద్రమ్మ. రవికె చెయ్యి పైకి లాక్కుని మోచెయ్యి చాపింది. "నువ్వు ముందు ఇది తీసుకో. అర్థం తరవాత చూసుకుందాం."

పదకొండింటి బస్సు వెళ్ళిపోయింది. లేయా తన కాయితంలో పెంటయ్య తల్లి పేరు దగ్గర దుర్గ అన్నది కొట్టేసి సుభద్ర అని రాసింది. రక్తం తీసుకుని, ఐసుపెట్టెతో సహా పెంటయ్య లారీ ఎక్కి ముసునూరు వెళ్ళింది. దారిలో పెంటయ్య ఆమెకి ఏం చెప్పాడో గానీ, అన్నపూర్ణ ఇంట్లో దిగేటప్పటికి ఆమె మొదటి ప్రశ్న, "మీరు సుభద్రమ్మగారి కడుపున పుట్టిన మనిషేనా? ఖాయమేనా?" అని.

శ్రావణమాసంలో ఉత్తరం వచ్చింది. కృష్ణవేణి విస్సన్నపేటనించి వచ్చేసింది అప్పటికి, ఆమే చదివింది. సుభద్రమ్మలో మూడు వెలుగులు. అన్నపూర్ణలో రెండే. అన్నపూర్ణకి గానీ కడుపులో బిడ్డకి గానీ ఈ వైపునించి భయం లేదు. కిందటేడు పోయినది వేరే ఏదో కారణం వల్ల అయి ఉంటుంది, అన్నిటికీ మాకు కారణాలు తెలియవు అని రాసింది లేయా. ఫొటో కూడా పెట్టింది.

సుభద్రమ్మ ఫొటోని వెలుగు దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. చిన్నది, ఆవగింజంత. అదే నలుగుర్ని తీసుకుపోయిందా? అదే పెంటయ్యని ఇచ్చిందా? కడుపునిండా ఏడవాలో, అన్నపూర్ణ గట్టెక్కిందని కొబ్బరికాయ కొట్టాలో తేల్చుకోలేకపోయింది. చివరికి కోడలి చెయ్యి పట్టుకుని, "ఆ రోజు నేనన్న మాట మనసులో పెట్టుకోకే" అంది. కృష్ణవేణి, "ఏ మాట అత్తయ్యా?" అని అడిగి, కళ్ళు దించుకుంది. ఏ మాటో ఆమెకి బాగానే తెలుసు.

పెంటయ్య మాత్రం ఆవిణ్ణి పిన్నీ అనే పిలుస్తున్నాడు. నోరు తిరగట్లేదు అంటాడు. సుభద్రమ్మ కూడా తిప్పుకోమని అడగలేదు. ఎందుకైనా మంచిది.

చిక్కల్లా భాద్రపదంలో వాడి పుట్టినరోజు వచ్చినప్పుడు వచ్చింది. దుర్గకి చీర పంపాలా, అక్కర్లేదా? తిరిగి కొనేసుకున్నాక ఆమె తల్లి కాదు. కాకపోతే చీరెందుకు? అలాగని మానేస్తే ప్రాణం ఒప్పుతుందా? రెండు రోజులు ఆలోచించి, ఎప్పటికంటే మంచి చీరే కొని, తనే స్వయంగా పట్టుకుని దుర్గ ఇంటికి వెళ్ళింది.

దుర్గ చీర తీసుకుని కళ్ళకద్దుకుంది. దాన్ని పెట్టడానికి మూలనున్న మట్టిబాన మూత తీసింది. చీరలుండాల్సిన బానలో నిండుగా తవుడు.

"ఇదేంటే? గేదెకి పెట్టలేదూ?"

"ఎట్టా పెడతానమ్మగోరూ! బిడ్డ వెల గదా" అని దుర్గ మూత చేత్తో పట్టుకుని తటపటాయించింది. "ఇంకోటి కూడా ఉందిలెండి. పుష్యమాసంలో అన్నపూర్ణమ్మ కంటది. ఆ డాక్టరమ్మ భయం లేదంది, నేను కాదనట్లేదు. కానీ అవసరం పడితే ఆ గంటలో తవుడుకి ఎక్కడ ఎతుకుతాం?"

సుభద్రమ్మ ఏదో అనబోయింది. రెండే వెలుగులని, కాగితం మీద రాసిచ్చారని, గంపల లెక్క సరిపోయిందని, అన్నీ నోటిదాకా వచ్చాయి. వంగి బానలోకి చూసింది. గుప్పెడు తీసి అరచేతిలో పరిచి, వేలితో కదిపి, పురుగేమైనా ఉందేమోనని వెతికింది. మళ్ళీ జాగ్రత్తగా బానలోనే పోసింది.

"ఇంకాస్త వేపాకు వెయ్యవే" అంది.